కొత్త వ్యాపారం నేర్చుకోవడం: కర్లపాలెం నుంచి కాకినాడ దాకా

కొత్తగా వ్యాపారం పెట్టే నేర్పు పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా అన్నది పాత తగువు. కృష్ణా పశ్చిమ డెల్టా చివర, బాపట్లకు ఈశాన్యంగా ఉన్న కర్లపాలెం మండలం ఆ తగువును నేల మీద పెట్టి చూడటానికి తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లాలో భాగం. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ జాతీయ రహదారి మీద ఒక పక్క రేపల్లె, మరో పక్క బాపట్ల, ఎగువన పొన్నూరు, తెనాలి. కాలువ నీరు అందినచోట వరి, ఇసుక నేలల్లో వేరుశనగ, కూరగాయలు, సరుగుడు తోటలు, సముద్రం వైపు రొయ్యల చెరువులు. ఇలాంటి చోట వ్యాపారం చాలావరకు పంట చుట్టూ తిరుగుతుంది. ఎరువుల కొట్టు, ధాన్యం కమీషన్, రైస్ మిల్లు, మేత డీలరు, ఐసు ఫ్యాక్టరీ, కోత యంత్రం అద్దెకు తిప్పడం, పాల కేంద్రం, రోడ్డు పక్క టిఫిన్ హోటలు: కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా వీటిలో ఒకదాని పక్కనే మొదలుపెడతారు.

నేర్పడానికి వీలైనది ఇందులో చాలానే ఉంది. పద్దు రాయడం, ఖర్చు కట్టడం, బేరం చూడటం, చొరవ కూడా నేర్పవచ్చు. అయితే నేర్చుకున్నదాన్ని వాడుకోవాలంటే డబ్బు మీద నిర్ణయం తీసుకునే హక్కు మనిషి చేతిలో ఉండాలి. ఈ సంగతిని ఆంధ్రదేశంలోనే జరిగిన ఒక ప్రయోగం దాదాపు అరవై ఏళ్ల కిందట బయటపెట్టింది. శిక్షణ గురించి ఇక్కడ జరిగిన చర్చలో ఈ సంగతికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

పాత ఆనవాళ్లు

రేపల్లెకు దగ్గర్లోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే ధాతు కరండాలను, అంటే అవశేషాల పెట్టెలను వెలికితీశాడు. వాటి మీది శాసనాలను బ్యూలర్ చదివాడు. క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పండితులు భావించే ఆ రాతల్లో కుబేరకుడనే రాజు ప్రస్తావన ఉంది, గోష్ఠుల ప్రస్తావన ఉంది, ‘నెగమ’ అనే మాట కింద వరుసగా పేర్లున్నాయి. వర్తకులు, పట్టణ ప్రముఖులు కలిసిన సంఘం అది. నలుగురు పేర్లు రాసుకుని, ఖర్చు పంచుకుని ఒక పని తలకెత్తుకోవడం ఈ ప్రాంతానికి రెండువేల ఏళ్లకు పైబడిన అలవాటు.

ఇంకాస్త దక్షిణాన, చినగంజాం దగ్గరి మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం వ్యాపార చరిత్రలో అరుదైన పత్రం. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు దాన్ని బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అది విదేశీ వర్తకులకు మాట ఇస్తుంది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో అలాంటి హామీనే మళ్లీ ఇచ్చాడు. నష్టం వచ్చాక మిగిలిందైనా తనకు దక్కుతుందన్న నమ్మకం లేకపోతే ఎవరూ ఓడ ఎక్కరు. పరిమిత బాధ్యత కంపెనీ, దివాలా చట్టం, తాకట్టు లేని రుణాలకు 2000లో పెట్టిన హామీ నిధి అన్నీ చేసే పని చివరికి ఇదే. వ్యాపారికి ధైర్యం నేర్పాలని తపించేవాళ్లు గణపతిదేవుడు చేసిన పనిని ముందు చూడాలి. ఆయన వర్తకులకు ఉపన్యాసం ఇవ్వలేదు, వాళ్ల నష్టానికి ఒక హద్దు గీశాడు.

కొట్టులో చదువు

వ్యాపార విద్య పేరుతో తరగతులు రాకముందు చదువంతా కొట్టులోనే. తెనాలిలోనో బాపట్లలోనో పెద్ద కొట్టులో కుర్రాడు పనికి చేరితే మొదట ఊడ్చడం, మూటలు దించడం. తరువాత తూకం. కొన్నేళ్లకు అరువు ఖాతాలు. రోజువారీ రాబడి, పోబడి చిట్టాలో పడతాయి. అందులోంచి మనిషి మనిషికీ విడదీసి ఆవర్జాలోకి ఎక్కిస్తారు. ఆవర్జా రాసే గుమాస్తాకు ఊరి గుట్టంతా తెలుసు. ఎవరికి కోతల తరువాత ఇస్తే చాలు, ఎవరికి నగదు తప్ప ఇవ్వకూడదు, ఎవరి మాట బ్యాంకు కాగితం కంటే గట్టిది అన్నవి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. చివరికి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతారు. అదే పట్టా. అక్కడి నుంచి బయటికొచ్చి సొంత కొట్టు పెట్టుకునేటప్పుడు పాత యజమానే తొలి సరుకు అరువిచ్చిన సందర్భాలు కూడా తక్కువేం కాదు.

ఈ చదువుకు లోపం దాని తలుపులోనే ఉంది. లోపలికి రావాలంటే యజమాని బంధువో, కులంవాడో, నమ్మకస్తుడి కొడుకో కావాలి. ఆడపిల్లకు ఆ తలుపు తెరుచుకునేదే కాదు.

పెద్ద పేర్ల వెనక కూడా ఇదే దారి కనిపిస్తుంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసులో, కలకత్తాలో మందుల వ్యాపారం మెలకువలు పట్టుకుని, బొంబాయిలో కొలువు చేసి, 1893లో అక్కడే అమృతాంజనం మొదలుపెట్టాడు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశాడు. ఆ లాభంతోనే ఆంధ్రపత్రిక వచ్చింది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి హైదరాబాదు ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశాడు. 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, ఆ తరువాతే 1984లో డాక్టర్ రెడ్డీస్. అంటే అందరికీ తెలిసిన కంపెనీ ఆయన మూడో అడుగు. ప్రభుత్వ రంగంలోని ఐడీపీఎల్ ఫ్యాక్టరీయే హైదరాబాదు మందుల పరిశ్రమకు కొట్టుగా, గుమాస్తాగిరీగా పనిచేసింది. మరొకరి డబ్బుతో, మరొకరి కప్పు కింద తప్పులు చేసి నేర్చుకునే అవకాశం ఇద్దరికీ దొరికింది. పాతికేళ్ల కుర్రాడు కాలేజీ నుంచి నేరుగా వచ్చి కంపెనీ పెట్టాలని ఊరించే ఈ రోజుల్లో ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి.

కాకినాడ ప్రయోగం

హైదరాబాదు యూసుఫ్‌గూడలోని ని-ఎంఎస్‌ఎంఈ సంస్థ 1962లో ఈ నగరానికి వచ్చినప్పుడు దాని పేరు చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ. అందరూ సియెట్ అనేవారు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ అప్పటికి ఒక వాదం లేవదీసి ఉన్నాడు. ఏదైనా సాధించాలన్న తపన మనుషుల్లో ఎంత ఉందన్నదే దేశాల ఆర్థిక ఎదుగుదలను నడుపుతుందని 1961లో వచ్చిన పుస్తకంలో రాశాడు. ఆ తపనను పెద్దవాళ్లలో పెంచగలమా అన్నది తరువాతి ప్రశ్న. దాన్ని పరీక్షించడానికి ఎంచుకున్న ఊళ్లలో ముఖ్యమైనది కాకినాడ.

1964లో కాకినాడ వ్యాపారులు, చిన్న పరిశ్రమల యజమానులు యాభై మందికి పైగా జట్లు జట్లుగా హైదరాబాదు వచ్చి సియెట్‌లో పది పన్నెండు రోజులు ఉండి శిక్షణ పొందారు. అక్కడ లెక్కలు నేర్పలేదు, చట్టాలు చెప్పలేదు. ఒక బొమ్మ చూపించి దాని మీద కథ రాయమన్నారు. కథలో మనిషి ఏం కోరుకుంటున్నాడు, అడ్డంకికి ఏం చేస్తున్నాడు అన్నది వాళ్లచేతే విశ్లేషింపజేశారు. నేలలో పాతిన గుంజకు రింగులు విసిరే ఆట ఆడించారు. ఎంత దూరం నుంచి విసరాలో ఆటగాడి ఇష్టం. గుంజ పక్కనే నిలబడి వేసేవాడికి గెలుపులో రుచి ఉండదు, మరీ దూరం నుంచి వేసేవాడు అదృష్టం మీద వదిలేస్తాడు. కష్టపడితే పడుతుందనిపించే దూరాన్ని ఎంచుకోవడం ఒక తూకం. దాన్ని మాటల్లో చెప్పకుండా చేతికి తెలిసేలా చేశారు. చివర్లో ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్లకు తన వ్యాపారంలో ఏం చేస్తాడో రాసుకున్నారు.

రెండేళ్ల తరువాత చూస్తే శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది కొత్త వ్యాపారం మొదలుపెట్టడమో, ఉన్నదాన్ని పెంచడమో, కొత్త పద్ధతి తేవడమో చేశారు. శిక్షణ లేనివాళ్లలో అలాంటివాళ్లు సుమారు నాలుగోవంతు. సంప్రదాయ ఆచారాలు, నమ్మకాలు ఇలాంటి మార్పుకు అడ్డొస్తాయన్న అప్పటి అంచనా కూడా నిలవలేదు. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా వేశారు. ప్రపంచమంతటా వ్యాపార శిక్షణకు ఇది ఆధార గ్రంథమైంది. మనవాళ్లలో మాత్రం కాకినాడ పేరు ఈ కారణంగా తెలిసినవారు కొద్దిమందే.

నమూనా చిన్నది. వచ్చినవాళ్లు ఇష్టపడి వచ్చినవాళ్లు. కాబట్టి అంకెలను అతిగా మోయకూడదు. కానీ ఆ ఫలితాల్లోనే మరో విషయం దాగి ఉంది. శిక్షణ పనిచేసింది ముఖ్యంగా వ్యాపారం తమ చేతిలో ఉన్నవాళ్ల మీద. తండ్రో అన్నో పెత్తనం చేసే కొట్టులో కూర్చునే తమ్ముడు హైదరాబాదు నుంచి ఎంత ఉత్సాహంతో తిరిగొచ్చినా, డబ్బు కదిలించే మాట అతనిది కానప్పుడు ఆ ఉత్సాహం పెట్టుబడిగా మారదు. కర్లపాలెం చుట్టుపక్కల ఎవరు ఏ వ్యాపారంలో ఎందుకు నిలదొక్కుకుంటున్నారు, ఎవరు ఎందుకు తప్పుకుంటున్నారు అన్నది చూసేవాళ్లకు ఈ ఒక్క వాక్యం చాలా దూరం ఉపయోగపడుతుంది.

తరగతి గదులు

హార్వర్డ్ బిజినెస్ స్కూలులో మైల్స్ మేస్ 1947లో కొత్త సంస్థల నిర్వహణ మీద పెట్టిన కోర్సును ఈ రంగంలో తొలి విశ్వవిద్యాలయ పాఠంగా లెక్కేస్తారు. భారతదేశంలో గుజరాత్ 1970 నుంచి శిక్షణ శిబిరాలు నడిపింది, 1983లో అహ్మదాబాదులో జాతీయ స్థాయి సంస్థ వచ్చింది. పల్లెలకు దగ్గరగా వచ్చినది మరో నమూనా. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెటీ. దాన్ని చూసే దేశంలో జిల్లాకొకటిగా ఆర్-సెటీలు ఏర్పడ్డాయి. బ్యాంకులే నడుపుతాయి. భోజనం, వసతి, శిక్షణ ఉచితం. కుట్టుపని, పాడి, సెల్‌ఫోన్ మరమ్మతు, బ్యూటీ పార్లర్, ఎలక్ట్రికల్ పని లాంటివి నేర్పి, తరువాత రెండేళ్ల పాటు అభ్యర్థి వెంట ఉండి చూడాలన్నది నియమం. ఆ రెండేళ్లే ఈ నమూనాకు ప్రాణం. అది కాగితం మీద మిగిలిన చోట శిక్షణ కూడా ధ్రువపత్రం దగ్గరే ఆగుతుంది.

బాపట్లలో చదువుకు కొదవ లేదు. 1945 నాటి వ్యవసాయ కళాశాల, వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల, ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల, కోత అనంతర సాంకేతిక పరిజ్ఞాన కేంద్రం, 1981 నాటి బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. దేశమంతా తినే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. ఆ మూడక్షరాలు బాపట్లవే. 1986లో విడుదలైన ఆ వంగడం విత్తన వ్యాపారులకూ మిల్లర్లకూ ఎంత బతుకునిచ్చిందో లెక్కకట్టడం కష్టం. ఆశ్చర్యమేమంటే, వరి మీద, నూనెగింజల మీద, నిల్వ మీద ఇంత జ్ఞానం పదిమైళ్లలో ఉన్నా, చుట్టుపక్కల పెట్టే చిన్న యూనిట్లకు సలహాదారుగా ఎక్కువ కనిపించేది యంత్రం అమ్మే ఏజెంటే.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించిన చిన్న పరిశ్రమల విధానానికి ఇంటికో పారిశ్రామికవేత్త అన్న నినాదం పెట్టుకుంది. 2025 ఆగస్టులో అమరావతి ప్రాంతంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. హైదరాబాదులో 2015 నుంచి టీ-హబ్, 2018 నుంచి మహిళల కోసం వీ-హబ్ ఉన్నాయి. ఇవి ప్రధానంగా సాంకేతిక ఆలోచనలతో వచ్చేవారికి.

శిక్షణలో ఏది పనిచేస్తుందన్నదానికి ఇటీవల మంచి ఆధారాలు వచ్చాయి. పశ్చిమాఫ్రికాలోని టోగో రాజధాని లోమెలో 1,500 మంది చిరువ్యాపారులను మూడు వర్గాలుగా చేసి చూశారు. ఒక వర్గానికి మామూలు వ్యాపార పాఠాలు, రెండో వర్గానికి చొరవ పెంచే మానసిక శిక్షణ, మూడో వర్గానికి ఏదీ లేదు. 2017లో వెలువడిన ఫలితాల్లో చొరవ శిక్షణ పొందినవారి లాభాలు సుమారు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాల వారి పెరుగుదల 11 శాతం, అదీ గట్టిగా చెప్పలేనిది. కాకినాడలో కనిపించినదానికి యాభై ఏళ్ల తరువాత దొరికిన సాక్ష్యం ఇది. డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగిన మరో పరిశోధన, పూర్తి అకౌంటెన్సీ నేర్పడం కంటే నాలుగు మోటు సూత్రాలు నేర్పడమే చిరువ్యాపారులకు ఎక్కువ పనికొచ్చిందని చూపింది. ఇంటి డబ్బు ఒక సొరుగులో, కొట్టు డబ్బు మరో సొరుగులో ఉంచడం లాంటివి. చిట్టా రాసిన పాత గుమాస్తా ఎవరైనా ఇది విని నవ్వుకుంటాడు.

పొదుపు సంఘాలు

నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న అన్నిటికంటే పదునుగా తేలేది ఆడవాళ్ల దగ్గర. 1982లో దేశంలో కొన్ని జిల్లాల్లో మొదలైన డ్వాక్రా పథకం ఆంధ్రప్రదేశ్‌లో వేళ్లూనుకున్నది నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, దాని కింద వెలుగు పథకం వచ్చాయి. పదిమంది సంఘం, సంఘాల మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య. పొదుపు పుస్తకం, అప్పు వాయిదా, తీర్మానాల రిజిస్టరు రాయడం లక్షల మంది మహిళలకు మొదటి పద్దుల చదువైంది. ఏ కొట్టు గల్లాపెట్టె దగ్గరికీ రానివ్వని వాళ్లకు ఇది దొడ్డిదారిన దొరికిన గుమాస్తాగిరీ.

అప్పు దొరకడం, వ్యాపారం పుట్టడం ఒకటి కాదని కూడా ఈ రాష్ట్రమే నేర్చుకుంది. సంఘాల పక్కనే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఇంటింటికీ దిగి, ఒకే మనిషికి మూడు నాలుగు అప్పులిచ్చి, వారం వారం వసూళ్లకు వచ్చాయి. ఆత్మహత్యల వార్తలతో గొడవ పెరిగి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం పెళ్లిళ్లకు, వైద్యానికి, పాత అప్పులకు పోయింది. మగ్గానికో గేదెకో పోయింది తక్కువ. ఇప్పటికీ సంఘం అప్పు ఆమె పేరు మీద, ఖర్చు అతని చేతి మీద అన్నది చాలా ఇళ్లలో కథ. ఆమె పేరున విడి ఖాతా, ఆమె కొనే సరుకు, ఆమె పెట్టే ధర ఉన్నచోట పచ్చళ్లు, పిండివంటలు, నైటీల కుట్టుపని లాంటి చిన్న వ్యాపారాలు నిలబడ్డాయి. వడ్లమూడిలో 1977 నుంచి ఉన్న సంగం డెయిరీ లాంటి పాల సంస్థల లెక్క కూడా ఇలాంటిదే. పాలు పోసిన ఇల్లాలి చేతికే బిల్లు డబ్బు అందితే ఇంట్లో రెండో గేదె ఎప్పుడు కొనాలో చెప్పే మాట ఆమెకు వస్తుంది.

చెరువు నేర్పిన పాఠం

తీర మండలాల్లో గత ముప్పై ఏళ్లకు పైగా ఎక్కువ మందిని వ్యాపారులుగా మార్చింది, అంతకంటే ఎక్కువ మందిని దెబ్బతీసింది రొయ్య. 1990ల మొదట్లో టైగర్ రొయ్యల జోరు వచ్చింది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ చెరువులను ఖాళీ చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి నమోదు పద్ధతి ఏర్పడింది. 2009లో వనామీ రకానికి అనుమతి దొరకడంతో రెండో జోరు మొదలైంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ధరలు మళ్లీ గడగడలాడాయి.

చెరువు గట్టు మీద వ్యాపార పాఠాలన్నీ ఉన్నాయి. పంట మూడు నాలుగు నెలలు. ఖర్చులో సగానికి పైగా మేతదే. మిగిలింది సీడు, ఏరేటర్ల కరెంటు, మందులు, లీజు. అమ్మకం కౌంటు లెక్కన జరుగుతుంది, కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. సైజు పెరిగేకొద్దీ కిలో ధర పెరుగుతుంది, ఒక్కో రోజు ఆగేకొద్దీ జబ్బు భయం కూడా పెరుగుతుంది. ఎప్పుడు పట్టాలి అన్నది కాకినాడ వ్యాపారులు ఆడిన రింగుల ఆటే. ఇక్కడ రింగు ఖరీదు లక్షల్లో ఉంటుంది, అంతే తేడా.

కానీ ఆ రింగు విసిరేది ఎవరు? సొంత చెరువు, సొంత డబ్బు ఉన్న రైతు తన ఇష్టప్రకారం ఆగగలడు. లీజుకు తీసుకుని, మేత అరువు తెచ్చుకున్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు. మేత డీలరు బాకీ పెరిగి భయపడితే పట్టమంటాడు, ఆ డీలరు చెప్పిన కొనుగోలుదారుకే అమ్మాలి. చెరువు యజమానికి పంట పోయినా లీజు వస్తుంది. నష్టమంతా మోసేది లీజుదారు, నిర్ణయం మాత్రం అప్పిచ్చినవాడిది. ఇలాంటివాడిని శిబిరానికి పిలిచి రిస్కు గురించి పాఠం చెప్పడం హాస్యం. అతనికి కావలసింది మేతను నగదుకు కొనగలిగే బ్యాంకు పరిమితి, తన పేరున లీజు పత్రం. నోటిమాట కౌలుతో వరి పండించే కౌలుదారు అవస్థా దీనికి దూరం కాదు.

ఇక్కడ ఒక యూనిట్ పెట్టాలంటే

వేరుశనగ పండే ఇసుక నేలల పక్కన చెక్క గానుగ నూనె అందరికీ తోచే ఆలోచన. దాన్నే ఉదాహరణగా తీసుకుంటే, మొదటి పని యంత్రం చూడటం కాదు, లెక్క కట్టడం. వంద కిలోల కాయలు వలిస్తే సుమారు 70 కిలోల పప్పు. చెక్క గానుగలో పప్పు బరువులో 40 శాతం నూనె వస్తుందనుకుంటే 28 కిలోలు, అంటే ముప్పై లీటర్లు. మిగిలిన నలభై కిలోలు చెక్క, పశువుల దాణా. లెక్క కోసం కాయ కిలో 70 రూపాయలు, చెక్క కిలో 40 రూపాయలు అనుకుందాం. కాయలకు 7,000, చెక్క అమ్మితే 1,600 వెనక్కి. లీటరు నూనె మీద పడే ముడిసరుకు ఖర్చు 180. చెక్క కొనే పాడి రైతు ముందే కుదరకపోతే అది 233. దీని మీద కూలి, కరెంటు, సీసా, లేబుల్, రవాణా, అమ్మే కొట్టువాడి కమీషన్. నూనె గురించి ఆలోచిస్తూ చెక్కను మరిచినవాడు మొదటి ఏడాదే లోతులోకి పోతాడు.

రెండో లెక్క రొటేషన్ డబ్బుది. కాయ చవకగా దొరికేది కోతల రోజుల్లో, నూనె అమ్ముడయ్యేది ఏడాది పొడవునా. అందుకని యంత్రం ఖరీదు కంటే గోదాములో కూర్చునే కాయ ఖరీదు ఎక్కువవుతుంది. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం. లాభమంతా వడ్డీకే. కాయ తేమ 8 శాతానికి దిగేలా ఎండకపోతే బూజు పట్టి విషం పుడుతుంది. ఇక్కడే బాపట్లలోని ఆ కోత అనంతర కేంద్రం గడప తొక్కాలి.

మూడోది కొనేవాళ్లు. నిజామాబాదు ప్రాంతానికి చెందిన ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టినప్పుడు బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాసుకుని వెళ్లాడు. యజమానులకు అది అక్కరలేదు, సీట్లు అమ్మిపెట్టేవాళ్లు కావాలి. అప్పుడు దారి మార్చి టికెట్లు అమ్మారు. 2013లో ఆ కంపెనీని ఇబిబో కొనుక్కుంది. గానుగ పెట్టేవాళ్లకు ఈ కథ నేరుగా వర్తిస్తుంది. యంత్రం కొనే ముందు ఎవరి గానుగలోనో అద్దెకు వంద కిలోలు ఆడించి, బాపట్లలో, తెనాలిలో ముప్పై ఇళ్లకు అమ్మి చూడాలి. వాళ్లలో ఎంతమంది రెండో సీసా అడిగారో అదే అసలు ప్రాజెక్టు రిపోర్టు. పోయినా తట్టుకోగలిగినంతే ముందు పెట్టాలన్న పద్ధతిని సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 2001లో సిద్ధాంతంగా రాశారు. మన పెద్దలు దీన్ని సిద్ధాంతం అనలేదు, ఆచరించారు.

కాగితాల పని అనుకున్నంత బరువు కాదు. ఉద్యమ్ నమోదు ఆధార్, పాన్‌లతో ఉచితంగా అవుతుంది, ఏజెంటుకు డబ్బు ఇవ్వనవసరం లేదు. తినే సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ నమోదు, పంచాయతీ అనుమతి, సీసా మీద బరువు, తేదీ, ధర తప్పనిసరి. చిన్న రుణాలకు 2015 నుంచి ముద్ర ఉంది. ఆహార తయారీ యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ కింద ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ ఉంది. సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 దాకా మూలనిధి కూడా ఇస్తారు. 2008లో మొదలైన స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీలో తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవలకు 20 లక్షలు గరిష్ఠ పరిమితి. గ్రామాల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు 35 శాతం సబ్సిడీ, 5 శాతం సొంత వాటా. మిగతావారికి 25 శాతం, 10 శాతం.

చాలామంది దరఖాస్తు పెట్టేటప్పుడు గమనించని షరతు ఒకటి ఇందులో ఉంది. పీఎంఈజీపీ సబ్సిడీ చేతికి రాదు. అది బ్యాంకులో రుణదారు పేర మూడేళ్ల డిపాజిట్‌గా పడి ఉంటుంది, యూనిట్ నడుస్తున్నట్టు తనిఖీలో తేలిన తరువాతే అప్పులో సర్దుతారు. మూడేళ్లలోపు షట్టర్ దించితే అది వెనక్కి పోతుంది, బ్యాంకు అప్పు మొత్తం మిగులుతుంది. నిలబడి, మొదటి అప్పు సమయానికి తీర్చినవాళ్లకు అదే యూనిట్‌ను పెంచుకోవడానికి కోటి రూపాయల దాకా రెండో రుణం అడిగే వీలుంది. ఆ రెండో దరఖాస్తుతో వచ్చే మనిషి మొదటిసారి వచ్చినవాడిలా ఉండడు. యంత్రం ధర గురించి అడగడు, చెక్క కొనేవాళ్ల పేర్లు చెబుతాడు.